కండోన్ అనే ఇంగ్లీషు మాట: అర్థం చేసుకునే తీరు, అర్జీలో వాడే తీరు

శ్రీకాకుళంలో కోర్టుకు నడిచి వెళ్ళేంత దూరంలో నాకొక టైపింగు, జిరాక్సు దుకాణం ఉంది. పగలంతా వకీళ్ళ గుమాస్తాలు వస్తారు. సెమిస్టరు చివరి రోజుల్లోనైతే సాయంత్రాలు ఇంజనీరింగు చదివే పిల్లలు వరుస కడతారు. క్రిందటేడు రాజాం వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన, కొడుకు చేతిలోని నోటీసును నా బల్ల మీద పరిచి, "కండొనేషను ఫీజని రాశారు. చేర్చినప్పుడే డొనేషను కట్టీసాం కదా బాబూ, మళ్ళీ ఇదేటి?" అని అడిగారు. పక్కనున్న పిల్లలు నవ్వారు గాని, ఆ ప్రశ్న నవ్వదగినది కాదు. కాలేజీ అడుగుతున్నది డొనేషను కాదన్న మాట నిజమే అయినా, ఆ రెండు మాటలకూ పుట్టిల్లు ఒకటేనని ఆయన చెవి పట్టేసింది.

తప్పునో లోటునో మన్నించడం అనే అర్థంలో వాడే కండోన్ అన్న క్రియ, కండొనేషన్ అన్న నామం మన జిల్లాల్లో కాలేజీ నోటీసు బోర్డు నుంచి జిల్లా కోర్టు వరకు రోజూ వాడుకలో ఉన్నవే. అయినా వీటిని తప్పుగా రాసిన కాగితాలు నా చేతుల మీదుగా ఎన్ని వెళ్ళాయో లెక్కలేదు, వాటిలో నేను స్వయంగా చెడగొట్టినది కూడా ఒకటి ఉంది. నేను వకీలును కాను. ముప్పై ఏళ్ళుగా వకీళ్ళ భాషను టైపు కొడుతున్నవాణ్ణి. ఆ అనుభవంతో ఈ మాటను మొదటి అక్షరం నుంచి చివరి ఉత్తర్వు వరకు వరుసగా వివరిస్తాను.

మొదటి మెట్టు: పలుకు, అక్షరాలు

సి, ఓ, ఎన్, డి, ఓ, ఎన్, ఇ. ఊనిక రెండో భాగం మీద పడుతుంది, కనుక "డోన్" అన్నది సాగదీసి పలకాలి. భూతకాలంలో కండోన్డ్ అవుతుంది. నామరూపమైన కండొనేషన్‌లో ఊనిక "నే" మీదికి జరుగుతుంది.

దీనికి ఇద్దరు ప్రమాదకరమైన ఇరుగుపొరుగువారు ఉన్నారు. కండోల్ అంటే చనిపోయినవారి కుటుంబాన్ని పరామర్శించడం. కండొలెన్స్ మీటింగు అంటే సంతాప సభ అని అందరికీ తెలుసు. కండెమ్ అంటే ఖండించడం, మన ఆఫీసుల్లో నైతే పాత బల్లలనూ జీపులనూ పనికిరావని తీసిపారేయడం. దుకాణం పెట్టిన కొత్తలో ఒక అప్పీలుకు సంబంధించిన అర్జీ టైపు చేస్తూ, ఎన్ కొట్టవలసిన చోట ఎల్ కొట్టాను. "ఆలస్యాన్ని కండోల్ చేయవలసిందిగా" అన్న ఆ అర్జీ, ఎల్ అక్షరం చుట్టూ ఎర్ర సిరా సున్నతో, పక్కన ఒక ఆశ్చర్యార్థకంతో నా దగ్గరికే తిరిగి వచ్చింది. మూడు వారాల ఆలస్యానికి నేను అధికారి చేత సంతాపం ప్రకటించమన్నానన్నమాట. ఈ తప్పును కంప్యూటరు పట్టుకోదు, ఎందుకంటే రెండూ నిఘంటువులో ఉన్న మాటలే. కనుక తుది ప్రతిలో ఈ ఒక్క మాటను కంటితో, వేలు పెట్టి, అక్షరం అక్షరం చూసుకోవాలి.

రెండో మెట్టు: మూలార్థం

లాటిన్‌లో దోనారే అంటే ఇవ్వడం, దోనుం అంటే ఇచ్చినది. మన దానం అన్న సంస్కృత పదానికీ ఆ దోనుంకూ మూలధాతువు ఒకటే అని భాషాశాస్త్రం చెబుతుంది. డొనేషన్ అక్కడి నుంచే వచ్చింది, పార్డన్ కూడా అక్కడి నుంచే వచ్చింది. దోనారేకు ముందు ఒక ఉపసర్గ చేరి కొండోనారే అయ్యాక, అది రావలసిన బాకీని వదిలిపెట్టడం, తప్పును వదిలివేయడం అనే అర్థాలకు స్థిరపడింది. అప్పు ఇచ్చినవాడు మాత్రమే అప్పు మాఫీ చేయగలడన్న సంగతి ఇందులోనే ఇమిడి ఉంది, ఇక ముందు చెప్పబోయేవాటిలో సగం ఈ ఒక్క ముక్క నుంచి వచ్చేవే.

ఇంగ్లీషులో ఈ క్రియ బాగా వ్యాప్తిలోకి వచ్చింది 1857 ప్రాంతంలో, ఇంగ్లండులో విడాకుల వ్యవహారాన్ని చర్చి కోర్టుల నుంచి తీసి మామూలు కోర్టుకు అప్పగించిన చట్టంతో. భార్య తప్పును భర్త గాని, భర్త తప్పును భార్య గాని తెలిసి క్షమించి కాపురం సాగిస్తే, తరువాత అదే తప్పును చూపి విడాకులు కోరడం కుదరదని ఆ చట్టం ఉద్దేశం. మన 1955 నాటి హిందూ వివాహ చట్టం 23వ సెక్షనులో ఈ మాట నేటికీ ఉంది. 1975లో దాస్తానే దంపతుల కేసులో సుప్రీంకోర్టు కండొనేషన్‌కు రెండు అంగాలు ఉండాలని చెప్పింది: తప్పును క్షమించడం, తప్పు చేసినవారికి మునుపటి స్థానాన్ని తిరిగి ఇవ్వడం. క్షమ పొందినవారు మళ్ళీ తప్పు చేస్తే పాత తప్పు కూడా తిరిగి లేస్తుందని కూడా ఆ తీర్పు చెబుతుంది. మన పెద్దలు "ఈసారికి కడుపులో పెట్టుకున్నాను" అన్నప్పుడు ఆ "ఈసారికి" అన్నదానిలో ఉన్న హెచ్చరిక కూడా సరిగ్గా ఇదే.

మూడో మెట్టు: పత్రికలో ఒక అర్థం, ఆఫీసులో ఒక అర్థం

ఎక్కువమంది తడబడేది ఇక్కడే. పత్రికల ఇంగ్లీషులో కండోన్ దాదాపు ఎప్పుడూ వ్యతిరేకార్థంలోనే కనిపిస్తుంది. "వి డు నాట్ కండోన్ వయొలెన్స్" అన్న వాక్యాన్ని "మేము హింసను మన్నించము" అని తెలుగు చేస్తే ఏదో లోటుగా ఉంటుంది, ఎందుకంటే అక్కడ అర్థం ఉపేక్షించము, సమర్థించము అన్నది. తప్పని తెలిసీ, చూసీ చూడనట్టు ఊరుకుని, ఆ ఊరుకోవడం వల్ల దానికి ఒక రకమైన ఒప్పుదల ఇచ్చినట్టు కావడమే అక్కడి కండోన్. "ఐ డు నాట్ కండోన్ వాట్ హి డిడ్, బట్ ఐ అండర్‌స్టాండ్ వై" అన్న వాక్యాన్ని "అతను చేసినదాన్ని సమర్థించను గాని, ఎందుకు చేశాడో అర్థమవుతోంది" అని తెలుగులో చెప్పుకోవాలి. పత్రికల్లో ఇది నింద దగ్గర తిరిగే మాట. ఫలానా నాయకుడు దీన్ని కండోన్ చేశాడని రాస్తే అది మెచ్చుకోలు కాదు, ఆరోపణ.

ఆఫీసులోనూ కోర్టులోనూ ఇదే మాటకు ఆ చెడ్డ వాసన లేదు. ఇక్కడ అధికారం ఉన్న వ్యక్తి, నియమాన్ని తప్పిన ఒక లోటును, తగిన కారణం చూసి, మన్నించి పక్కన పెట్టడమే కండోన్. ఉత్తరాంధ్రలో "ఈపాలికి ఒగ్గేయండి బాబూ" అని బతిమాలుతామే, ఆ ఒగ్గేయడానికి చట్టం కోటు తొడిగితే కండొనేషన్ అవుతుంది. ఏ నిఘంటువులోని అర్థంకన్నా ఈ మాట దానికి దగ్గరగా ఉందని నాకు అనిపిస్తుంది. ఒగ్గేయమనడంలో తప్పు లేదని వాదించడం లేదు, తప్పు ఉందని ఒప్పుకుంటూనే పట్టుకోవద్దని వేడుకోవడం ఉంది.

కాలేజీ సంగతి కూడా ఇంతే. జె.ఎన్.టి.యు. నిబంధనలతో నడిచే ఇంజనీరింగు కాలేజీలలో పరీక్ష రాయడానికి మొత్తం మీద 75 శాతం హాజరు ఉండాలి. 65కు తగ్గకుండా 75కు లోపు ఉన్నవారి లోటును కాలేజీ అకడమిక్ కమిటీ కండోన్ చేయవచ్చు, దానికి నిర్ణీత రుసుము కట్టాలి. 65 కన్నా తగ్గితే ఆ లోటును కండోన్ చేసే వీలు లేదు, పిల్లల భాషలో చెప్పాలంటే డిటెయిన్ అయినట్టే. ఆ రాజాం పెద్దాయన కొడుకుకు 68 శాతం వచ్చింది. వాళ్ళు కట్టవలసింది దానం కాదు, మన్నింపు రుసుము. అది విని ఆయన ఫీజు సంగతి వదిలేసి, "మిగతా 32 శాతం ఏ సినిమా హాల్లో ఉన్నావురా?" అని కొడుకు వైపు తిరిగారు.

నాలుగో మెట్టు: ఎవరు చేస్తారో తేల్చుకోవడం

కండోన్ చేసేది ఎప్పుడూ అవతలి పక్షమే. తప్పు చేసినవాడు తన తప్పును తాను కండోన్ చేసుకోలేడు. అప్పు తీసుకున్నవాడు తన అప్పును తానే మాఫీ చేసుకోలేడు కదా. "ఐ కండోన్ మై డిలే" అని రాసి తెచ్చిన పిల్లవాడు క్షమాపణ చెబుతున్నాననే అనుకున్నాడు గాని, ఆ వాక్యానికి "నా ఆలస్యాన్ని నేనే మన్నించుకుంటున్నాను" అన్న అర్థం వస్తుంది. క్షమాపణ చెప్పదలిస్తే రిగ్రెట్ అనాలి, అపాలజైజ్ అనాలి.

అవతలి పక్షంలోనూ అందరికీ ఆ అధికారం ఉండదు. హాజరు లోటును క్లాసు టీచరు కండోన్ చేయలేరు, సిఫారసు మాత్రమే చేయగలరు. కాబట్టి అర్జీ రాసేముందు ఈ మన్నింపు ఇచ్చే అధికారం ఏ నిబంధన కింద ఎవరికి ఉందో కనుక్కుని, వారి హోదా పేరునే సంబోధించాలి.

ఐదో మెట్టు: వాక్యంలో కూర్చోబెట్టడం

తెలుగులో "నన్ను మన్నించండి" అనవచ్చు, "నా తప్పును మన్నించండి" అనీ అనవచ్చు; మన క్రియ మనిషినీ తప్పునూ రెండింటినీ కర్మగా తీసుకుంటుంది. కండోన్ అలా కాదు. దాని కర్మ ఎప్పుడూ ఒక పని, ఒక లోటు, ఒక నడవడిక మాత్రమే. అందుకే తెలుగులో ఆలోచించి ఇంగ్లీషులో రాసేవారి చేతి నుంచి "కండోన్ మీ ఫర్ ద డిలే" అన్న తప్పు వాక్యం తరచుగా వస్తుంది. దానిలో మీ (ఇంగ్లీషులో "నన్ను") అన్నదీ, ఫర్ అన్నదీ తీసేసి "కండోన్ ద డిలే" అంటే చాలు. మనిషిని కర్మగా పెట్టదలిస్తే ఎక్స్‌క్యూజ్ ఉంది, పార్డన్ ఉంది, ఫర్గివ్ ఉంది.

ఇంకొక సంగతి: నియమభంగమో తప్పో ఉన్న చోటే ఈ మాట ఇముడుతుంది. విజయనగరంలో సిరిమాను పండుగనాడు మూసిన ఒక దుకాణం తలుపుకు "ప్లీజ్ కండోన్ ద ఇన్‌కన్వీనియెన్స్" అన్న కాగితం అంటించి ఉండగా చూశాను. అమ్మవారి పండుగకు దుకాణం మూయడం నేరం కాదు, దానికి ఎవరి మన్నింపూ అక్కరలేదు. అక్కడ "ఇన్‌కన్వీనియెన్స్ రిగ్రెటెడ్" సరిపోతుంది.

ఆరో మెట్టు: ఆలస్యాన్ని మన్నించమనే అర్జీ

ఈ మాటకు అసలు పని పడేది ఇక్కడే కనుక కొంచెం నిదానంగా చెబుతాను. గడువు దాటిన అప్పీళ్ళను స్వీకరించే అధికారం కోర్టుకు 1963 నాటి లిమిటేషన్ చట్టం 5వ సెక్షను ఇస్తుంది. విచిత్రమేమంటే ఆ సెక్షనులో కండోన్ అన్న మాటే లేదు. గడువులోగా రాలేకపోవడానికి తగిన కారణం ఉందని అర్జీదారు కోర్టుకు నమ్మకం కలిగిస్తే అప్పీలును స్వీకరించవచ్చని మాత్రమే ఉంటుంది. సమాచార హక్కు చట్టంలో మొదటి అప్పీలుకు 30 రోజుల గడువు పెట్టిన 19వ సెక్షనూ ఇదే ధోరణిలో నడుస్తుంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం 69వ సెక్షను మాత్రం రెండేళ్ళ గడువు దాటిన ఫిర్యాదు విషయంలో కండోన్ చేయడానికి గల కారణాలను నమోదు చేయాలని ఆ మాటనే వాడింది.

ముందుగా రోజులు లెక్క కట్టాలి. జిల్లా కోర్టుకు వేసే సివిల్ అప్పీలుకు 30 రోజులు, హైకోర్టుకైతే 90 రోజులు. తీర్పు వెలువడిన రోజును లెక్కలోకి తీసుకోకూడదు. తీర్పు నకలు తెచ్చుకోవడానికి పట్టిన కాలాన్ని కూడా మినహాయించాలి. ఉదాహరణకు మార్చి 3న తీర్పు వచ్చింది, జిల్లా కోర్టుకు అప్పీలు వేయాలి అనుకుందాం. 4వ తేదీ నుంచి లెక్కిస్తే ఏప్రిల్ 2కు 30 రోజులు నిండుతాయి. మార్చి 10న నకలుకు దరఖాస్తు పెడితే 24న అది సిద్ధమైంది. ఆ రెండు తేదీలతో సహా 15 రోజులు కలుపుకుంటే గడువు ఏప్రిల్ 17. అప్పీలు వేసింది ఏప్రిల్ 29న అయితే ఆలస్యం 12 రోజులు. ఈ పన్నెండును అర్జీలో ఒక చోట పన్నెండుగా, అఫిడవిట్‌లో పదమూడుగా రాస్తే కాగితం వెనక్కి వస్తుంది. గడువు చివరి రోజున కోర్టుకు సెలవైతే, తెరిచిన రోజున వేసినా ఆలస్యం కిందికి రాదన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి, లేకపోతే అవసరం లేని మన్నింపును అడిగినవారమవుతాము.

తరువాత కారణం. "ఆరోగ్యం బాగోలేక రాలేకపోయాను" అన్న వాక్యం ఎంత నిజమైనా బలహీనమైనది. ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, ఏ ఆసుపత్రిలో, ఏ కాగితం సాక్ష్యంగా అన్నవి చెప్పినప్పుడే అది తగిన కారణం అవుతుంది. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుపాను ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలను నేలమట్టం చేసి, రోడ్లనూ కరెంటునూ తెంచిన రోజుల్లో గడువు ముగిసినవారికి ఆ కారణాన్ని రుజువు చేయడం కష్టం కాదు, ఎందుకంటే ఆ తేదీలు ప్రభుత్వ రికార్డులోనే ఉంటాయి. ప్రతి రోజు ఆలస్యానికీ సంజాయిషీ ఇవ్వాలన్న పాత సూత్రాన్ని మరీ ఛాందసంగా పట్టుకోవద్దని, అలాగైతే ప్రతి గంటకూ ప్రతి క్షణానికీ ఎందుకు అడగకూడదని 1987లో కాతిజీ కేసులో సుప్రీంకోర్టు ప్రశ్నించింది. ఆ కేసులో ఆలస్యం నాలుగు రోజులే. దాన్ని చూసి ధైర్యం తెచ్చుకోవచ్చు గాని, కారణమే చెప్పకుండా ఊరుకోవడానికి దాన్ని ఆధారం చేసుకోకూడదు.

ఇక వాక్యం. మన కోర్టుల అఫిడవిట్లలో కారణాలు చెప్పాక "ద డిలే ఈజ్ నైదర్ విల్‌ఫుల్ నార్ వాంటన్" అన్న పడికట్టు వాక్యం వస్తుంది. ఆలస్యం బుద్ధిపూర్వకమైనదీ కాదు, నిర్లక్ష్యంతో చేసినదీ కాదు అని దాని భావం. దాని వెంట అసలు వేడుకోలు: "ఐ, దేర్‌ఫోర్, ప్రే దట్ ద ఆనరబుల్ కోర్ట్ మే బి ప్లీజ్డ్ టు కండోన్ ద డిలే ఆఫ్ 12 డేస్ ఇన్ ఫైలింగ్ ద అప్పీల్." ఇందులో తీసివేయదగినది ఏదీ లేదు. కండోన్ చేయవలసినవారు ఎవరో ఉంది, కర్మగా ఆలస్యం ఉంది, ఎన్ని రోజులో ఉంది, దేన్ని దాఖలు చేయడంలో ఆలస్యమో ఉంది. కోర్టు కాక మరొక కార్యాలయమైతే ప్రే బదులు రిక్వెస్ట్ అనాలి, ఆనరబుల్ కోర్ట్ బదులు అధికారి హోదా రాయాలి. తెలుగులో ఇచ్చుకునే అర్జీ అయితే "పై కారణాల దృష్ట్యా, అప్పీలు దాఖలు చేయడంలో జరిగిన 12 రోజుల ఆలస్యాన్ని మన్నించి, అప్పీలును స్వీకరించవలసిందిగా ప్రార్థిస్తున్నాను" అని రాస్తే సరిపోతుంది. ఆలస్యాన్ని కండోన్ చేయాలని కలగాపులగంగా రాయనక్కరలేదు. మన్నించడం అన్న తెలుగు మాట ఆ బరువును పూర్తిగా మోస్తుంది.

ఏడో మెట్టు: పక్క మాటలతో పొరపాటు పడకుండా

కనైవ్ అన్నది అన్నిటికన్నా దగ్గరిది. దాని లాటిన్ మూలానికి కళ్ళు మూసుకోవడం అని అర్థం. తప్పు జరగబోతోందని తెలిసీ కళ్ళు మూసుకోవడం కనైవ్. జరిగిపోయాక తెలిసి క్షమించడం కండోన్. హిందూ వివాహ చట్టంలో ఇవి రెండూ పక్కపక్కనే ఉన్నాయి, వేరువేరు మాటలుగానే ఉన్నాయి. వెయివ్ అంటే తనకు రావలసినదాన్ని లేదా ఒక షరతును వదులుకోవడం, కనుక ఫీజును వెయివ్ చేస్తారు, హాజరు లోటును కండోన్ చేస్తారు. ఎగ్జంప్ట్ అంటే ముందుగానే ఆ నియమం వర్తించకుండా మినహాయించడం. రాటిఫై అంటే అధికారం లేకుండా జరిగిన పనికి తరువాత ఆమోదముద్ర వేయడం, దానిలో తప్పును క్షమించిన ఛాయ కూడా మిగలదు. టాలరేట్ అంటే భరించడం మాత్రమే.

ఎనిమిదో మెట్టు: కండోన్ చెల్లని చోటు, ఉత్తర్వు చదివే తీరు

5వ సెక్షను అప్పీళ్ళకూ అర్జీలకూ వర్తిస్తుంది గాని, అసలు దావాకు వర్తించదు. ప్రోనోటు మీద మూడేళ్ళలో దావా వేయకపోతే, మధ్యలో చెల్లింపో రాతపూర్వకమైన ఒప్పుదలో లేకపోతే, దానికి కాలదోషం పట్టినట్టే. ఎంత మంచి కారణం చెప్పినా దాన్ని కండోన్ చేయమని అడగడానికి దారి లేదు. ఇది తెలియక నాలుగో ఏట ప్రోనోటు పట్టుకుని, "ఆలస్యం మన్నించమని ఒక కాగితం కొట్టండి" అని నా దగ్గరకు వచ్చినవారిని వెంటనే వకీలు దగ్గరకే పంపుతాను.

ఉత్తర్వులో "డిలే కండోన్డ్" అని కనబడగానే కేసు గెలిచామని సంబరపడేవారూ ఉన్నారు. ఆ ఉత్తర్వుతో తెరుచుకున్నది తలుపు మాత్రమే. అప్పటివరకు ఎస్సార్ నంబరు అనే తాత్కాలిక నంబరుతో ఉన్న అప్పీలుకు ఇక అసలు నంబరు పడుతుంది, విచారణ ఆ తరువాత మొదలవుతుంది. "అలౌడ్ ఆన్ కాస్ట్స్" అని ఉంటే మన్నింపుకు షరతు ఉందని అర్థం. కేసులో ప్రత్యర్థికి ఇవ్వవలసిన ఖర్చుల మొత్తమెంతో, ఏ తేదీలోగా ఇవ్వాలో ఆ కిందనే రాసి ఉంటుంది. ఆ తేదీలోగా చెల్లించి, రశీదును మెమోతో జతచేసి దాఖలు చేయాలి, లేకపోతే ఆలస్యం మన్నించమన్న అర్జీయే కొట్టివేసినట్టు అవుతుంది.